జానెడు చువ్వ

బాన్సువాడ అవతల చెరుకుతోట గట్టు మీద, బావ తాను ముచ్చటపడి చేసుకున్న నాటు తుపాకిని పేల్చే ముందు అలవాటుగా గొట్టంలోకి ఇనుపచువ్వ దించాడు. బామ్మర్ది అతని చేతులనే చూస్తున్నాడు.

"ఇంకా చువ్వెందుకు బావా? నిన్న మందు నింపినవ్ గద. పందులొస్తున్నయ్, పేల్చు."

"నేను నింపితే చువ్వ బెత్తెడే బయటుంటది. గిప్పుడు జానెడున్నది. రెండింతలు ఎవడు కూరిండు?"

"నేనే."

"పేల్చుంటే గొట్టం పగిలి నా మొఖం తునకలైతుండె గదరా!"

"అందుకే కూరిన. నువ్వు గుద్దితే ఊడిన పన్ను అక్క నా చేతుల పెట్టింది."

బావ తుపాకిని తిప్పి అతని గుండెకు ఆనించాడు. బామ్మర్ది జరగలేదు, గొట్టాన్ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

"నొక్కు బావా. పోతే ఇద్దరం పోతం. అక్క పానమన్న దక్కుతది."