తొట్టి దగ్గర నిలబడే మనిషి

సభకు అధ్యక్షత వహిస్తున్న డిప్యూటీ కమిషనర్ ఒడెరా గారికీ, ఈ ఎండలో నైరోబీ పెద్ద కార్యాలయం నుంచి విమానం దిగి వచ్చిన ముఖ్య అతిథి గిచుహి గారికీ, కుర్చీలు పక్కకు నెట్టేసి చంకలో తెచ్చుకున్న చిన్న పీటల మీదే కూర్చున్న మా తుర్కానా పెద్దలకూ, నాతోపాటు శిక్షణ పొందిన మిత్రులకూ, పొద్దుటి నుంచి మేకమాంసం పులావు దగ్గర పొగలో నిలబడ్డ అక్కలకూ, చివర చెబుతున్నా అందరికంటే ముందు చెప్పినట్టే అనుకోవలసిన, ఇవాళ మనం వీడ్కోలు చెబుతున్న మా వాంజా అమ్మకూ నమస్కారం.

నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నవ్విస్తూ మాట్లాడమన్నారు. మొదటి సగం ప్రయత్నిస్తాను.

వాంజా అమ్మ ఈ బడి పెట్టకముందు మా పల్లెలకు మూడు రకాల బండ్లు వచ్చేవి. మొక్కజొన్న పిండీ నూనే పంచే బండి ఒకటి, బోర్లు వేసి మేకలకు సూదులు పొడిచే బండి ఇంకొకటి, మా వాళ్లనీ, మాకు పాత పగవాళ్లైన పక్క తెగ పొకోట్‌లనీ ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టి సోడా తాగించి శాంతి గురించి మాట్లాడించే బండి మూడోది. కరువు, పేదరికం, తుపాకి అని మూడు వేరే వేరే దేశాలున్నట్టూ, ఒక్కో దేశానికి ఒక్కో రాయబారి వచ్చినట్టూ ఉండేది. ఒకసారి ఆ మూడు బండ్లూ మా పల్లెకు ఒకే రోజు వచ్చాయి. ఒకరి దుమ్ము ఒకరి మీద పడింది గాని ఒకరి మాట ఒకరి చెవిన పడలేదు. మా పెద్దాయన ఒకాయన కాసేపు చూసి, "వీళ్లలో వీళ్లకి ఏదో పాత తగువున్నట్టుందిరా. ఒక మేకని కోసి మనమే రాజీ చెయ్యాలేమో" అన్నాడు.

(నవ్వులు)

ఆ రాజీ చేసింది వాంజా అమ్మ. పిండి పంచేవాణ్ణీ, బోరు వేసేవాణ్ణీ, శాంతి మాట్లాడేవాణ్ణీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, వాళ్ల పక్కన మమ్మల్ని, అంటే సగంమంది తుర్కానా కుర్రాళ్లనీ సగంమంది పొకోట్ కుర్రాళ్లనీ కూర్చోబెట్టి, ఒకడు ఒక పని చేస్తే మిగతా ఇద్దరి పనీ ఏమవుతుందో చెప్పమని గొంతు పోయేదాకా అడిగేది. ఊళ్లో దీన్ని మూడు రాళ్ల బడి అన్నారు. ఒక రాయి కదిలినా కుండ ఒలుకుతుంది గనక ఆ పేరు ఎవరో తెలిసినవాళ్లే పెట్టారు.

మొదటి రోజు నేను పొకోట్‌వాడి పక్కన కూర్చోనన్నాను. అమ్మ కోప్పడలేదు. "సరే, కూర్చోవద్దు, నిలబడు" అని నన్నూ, ఆ పొకోట్ కుర్రాడు క్రోప్‌నీ వంటపాకలోకి పంపి, అందరికీ మొక్కజొన్న సంకటి కెలకమంది. కెలుకుతూ నేను, "మీవాళ్లు మా ఒంటెల్ని తోలుకుపోయారు" అన్నాను.

"ఎప్పుడు?"

"మా నాన్న చిన్నప్పుడు."

"ఓ, అవా. అందులో ఒకటి కుంటిది. దాన్ని కూడా తోలుకొచ్చినందుకు మా మేనమామని ఇప్పటికీ తిడతారు. కావాలంటే దాని మనవణ్ణి తీసుకుపో, అదీ కుంటిదే."

ఆ రోజు సంకటి మాడింది. ఒడెరా గారూ, ఆ రోజు మీరూ తిన్నారు, బాగుందన్నారు. ప్రభుత్వోద్యోగులు అబద్ధం ఎంత నిబ్బరంగా చెప్పగలరో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

(నవ్వులు)

నవ్వండి. నవ్వించాల్సిన భాగం ఇక్కడితో అయిపోయింది.

నడిమి బీడు సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. మా గుట్టకీ పొకోట్ వాళ్ల గుట్టకీ మధ్య మోకాలెత్తు గడ్డి, ఒక్క చుక్క నీరు లేని నేల. మా తాతలూ వాళ్ల తాతలూ అన్నిచోట్లా కొట్టుకున్నారు గాని అక్కడ కొట్టుకోలేదు. మంచితనం వల్ల కాదు. నీళ్లు లేనిచోట ఎవరూ నిలవలేరు గనక. కరువు ముదిరితే మేం ఇటునుంచి పశువుల్ని తోలుకెళ్లి మేపి, అవి దాహంతో అరవకముందే వెనక్కి తెచ్చుకునేవాళ్లం. వాళ్లూ అంతే. ఆ బీడుకి దాహమే కాపలా.

పటంలో అది పచ్చగా కనబడింది. పచ్చగా ఉండి నీళ్లు లేని చోటు కనబడితే బోర్లు వేసేవాళ్ల చేతులు ఆగవు. అక్కడ మాత్రం వద్దని మా పెద్దలు చెప్పారు, వాళ్ల పెద్దలు చెప్పారు, వాంజా అమ్మ నైరోబీ వెళ్లి సమావేశంలో లేచి నిలబడి చెప్పింది. నేను ఆవిడ వెనక కుర్చీలో ఉన్నాను, పై కుర్చీలో ఉన్న అధికారి చెప్పిన జవాబు నా చెవులతో విన్నాను. "దాహం అత్యవసరం, అది ఈ ఏడాది పద్దు. శాంతి వచ్చే ఏడాది పద్దులో ఉంది." గిచుహి గారూ, అప్పుడు మీరు ఆ కుర్చీలో లేరు, అది నిజం. కాని ఆ కుర్చీ ఉంది. దాని కాళ్లు మాత్రం మేం వద్దన్నచోటే పాతుకుని ఉన్నాయి.

బోరు పడింది, నీళ్లు తియ్యగా ఉన్నాయి. మొదటి నెలలో రెండువైపుల మందలూ ఒకే తొట్టిలో తాగాయి, ఫొటోలు తీసుకున్నారు. ఈరోజు మీ అందరికీ గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చిన పుస్తకంలో మూడో పేజీ తిప్పండి. నీళ్లు మనుషుల్ని కలుపుతాయి అని రాసిన దాని కింద దోసిలితో తాగుతూ నవ్వుతున్నవాడు క్రోప్. ఈ కార్యాలయం అచ్చువేసిన కాగితాలన్నీ చదివినవాణ్ణి నేను, సంతలో ఉప్పు పొట్లం కట్టి ఇచ్చినవి కూడా విప్పుకుని చదివాను. మనిషి పోయాక కూడా నవ్వుతున్న పేజీని మార్చకుండా పంచిపెట్టడం వాటిలో ఎక్కడా నేర్పలేదు.

రెండో నెలలో మందలు వెనక్కి పోలేదు. ఎందుకు పోతాయి? తొట్టికి ఈ వైపున మావాళ్లు ముళ్లకంచె వేసుకున్నారు, ఆ వైపున వాళ్లు వేసుకున్నారు, గుడిసెలు లేచాయి, పిల్లలు పుట్టారు. నీళ్ల వరస దగ్గర తగాదాలు మొదలైతే తొట్టికి ఒక చివర నేనూ ఇంకో చివర క్రోపూ నిలబడాలని అమ్మ ఏర్పాటు చేసింది. చాలాకాలం నిలబడ్డాం. నేను మలేరియాతో పడిపోయిన రోజున నా చివర అమ్మే నిలబడింది. ఆ రోజే ఎవరి ఆవు ముందు అన్న మాట మీద తుపాకులు లేచాయి, ఆవిడ కళ్లముందే క్రోప్ తొట్టి మీద పడ్డాడు. ఎవరి తుపాకో తెలియదు. తెలిసుంటే ఇంకా చాలామంది పోయేవాళ్లు.



ఐదు నిమిషాలు అయ్యాయని ఒడెరా గారు గంట మీద చెయ్యి పెట్టారు. కాస్త ఆగండి సార్, ఇప్పుడు చెప్పబోయేది ఈ వచ్చే శుక్రవారం జరగాల్సిన సంగతి.

ఆ బోరు మూసెయ్యాలని రెండువైపుల పెద్దలూ ఒప్పుకున్నారు. ఊరికే మూస్తే అక్కడున్న పిల్లలు దాహంతో పోతారు, మూయకపోతే వచ్చే ఎండలకి ఆ పిల్లల తండ్రులు పోతారు. ఈ మధ్య పడ్డ వానకి మా కుంటల్లోనూ వాళ్ల కుంటల్లోనూ నీళ్లున్నాయి. అవి ఉండగానే రెండువైపులవాళ్లూ ఒకే పొద్దున లేచి, ఎవరి గుట్టకి వాళ్లు వెళ్లిపోతే పంపు ఆపడానికి అభ్యంతరం లేదని గిచుహి గారు కూడా అన్నారు, అందుకు కృతజ్ఞతలు. కాని ముందు ఎవరు లేస్తారు? ముందు లేచినవాడు వీపు చూపిస్తాడు. మధ్యలో ఇద్దరికీ చెందని మనిషి ఒకరు నిలబడాలన్నారు. మాకు చెందని, వాళ్లకి చెందని, ఇద్దరి ఇళ్లలోనూ పాలు తాగిన కాంబా తెగ ఆడమనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడకి ఇవాళ పూసలదండ వేసి పంపేస్తున్నాం. విమానం గురువారం.

పైవాళ్లు అమ్మని బదిలీ చేశారని అందరూ అనుకుంటున్నారు. ఇంతకుముందు మాట్లాడిన పెద్దలు కూడా అదే అని కళ్లు తుడుచుకున్నారు. అది నిజం కాదు. బదిలీ అమ్మే అడిగింది. క్షమించండమ్మా, ఇది దాచమని మీరు అడగలేదు, అడిగినా దాచేవాణ్ణి కాదేమో.

నిన్న పొద్దున వరండాలో మీ పెట్టె తాడు కట్టడానికి నన్ను పిలిచారు. నేను తాడు పక్కన పడేసి, "శుక్రవారం దాకా ఉండండి, శనివారం నేనే దింపి వస్తాను" అన్నాను.

"నేనుంటే కాల్చరని అందరూ అన్నారు, ఎబెయ్. నేనున్నాను. కాల్చారు."

"అది వేరే రోజు."

"అదే తొట్టి, అదే నేను. నన్ను నమ్ముకుని ఆ ఆడవాళ్లు పిల్లల్ని వీపున కట్టుకుని లేస్తారు. ఆ నమ్మకం వట్టిదని నాకు తెలుసు. తెలిసీ ఎలా నిలబడమంటావు?"

"మరి మాకెవరున్నారు?"

"ఏమో నాయనా. నాకు నిద్రపట్టి చాలా రోజులైంది. మా ఊరు కిటూయిలో మామిడిచెట్టు నీడలో కాసేపు పడుకోవాలనుంది, అంతే."

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. అలసిపోయే హక్కు కూడా జీతంతోపాటు వచ్చేదేనా, అక్కడే పుట్టినవాళ్లకి ఆ హక్కు ఎవరిస్తారు అని అడగబోయాను. ఈలోగా మీరే తాడు తీసుకున్నారు, ముడి పడటం లేదు. అడగలేక నేనే ముడి వేశాను.

తల ఎత్తండమ్మా. మిమ్మల్ని తిట్టడానికి లేవలేదు. మీరు చేసింది చిన్నది కాదు, ఓడిపోయింది అంతే. మూడు రాళ్లనీ కలిపి పెట్టారు, కుండ పెట్టేవేళకి ఇంకెవరో వచ్చి నిప్పు ఎక్కడ రాజెయ్యాలో తామే నిర్ణయించారు.

ఇవాళ పొద్దున ఇంకొక మనిషి నా గుడిసెకి వచ్చింది. క్రోప్ తల్లి. పొకోట్ మనిషి ఈ ఊళ్లో అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో మీకు తెలుసు. ఇప్పుడు వంటపాకలో అక్కల మధ్య కూర్చుని చాయ్ తాగుతోంది, ఎవరూ లేవకండి. వచ్చీరాగానే, "మీ వాంజా అమ్మ ఉండదట గదా" అంది. ఉండదన్నాను. "పోనీలే, ఆమె ఏడుపు నేను చూశాను, నాకంటే ఎక్కువ ఏడ్చింది" అంది. తర్వాత అడిగింది.

"మేం లేచి వీపు తిప్పాలి గదా. ఆ వీపులకీ మీ తుపాకులకీ మధ్య మీవాడొకడు నడవాలి. నడుస్తావా?"

"నడుస్తాను. మరి మావాళ్ల వెనక?"

"మీవాళ్ల వెనక మావాడొకడు నడవాలి." అంది. ఇద్దరం ఒకణ్ణే తలుచుకున్నాం. అలా నడవగలిగినవాడు వాడొక్కడే. "వాడు లేడు గనక నేను నడుస్తాను" అంది.

మా అన్న లోమురియా ఈ సభలోనే ఉన్నాడు, కిటికీ పక్కన, టోపీ పెట్టుకుని. తొట్టి దగ్గర మావాళ్ల తుపాకులు అతని మాట మీదే లేస్తాయి, అతని మాట మీదే దిగుతాయి. ఇందాక భోజనాల దగ్గర అతనికి చెప్పాను. ముందు నవ్వాడు.

"వాళ్ల వెనక నడుస్తావా? నీ కాళ్లు సన్నం, నీ వెనక ఎవడు దాక్కుంటాడ్రా?"

"పిల్లలు దాక్కుంటారు."

"కుర్రాళ్లలో ఒకడికి చెయ్యి జారితే?"

"జారితే నాకు తగులుతుంది. అందుకే నడుస్తున్నాను."

తర్వాత నవ్వలేదు. పళ్లెంలో మాంసం అలాగే వదిలేసి లేచిపోయాడు. అన్నా, నీ జవాబు నాకింకా రాలేదు. ఇక్కడ చెప్పొద్దు. శుక్రవారం చెప్పు.

ఇది జరుగుతుందని నాకు నమ్మకం లేదు. సభలో అలా అనకూడదని తెలుసు, ఆశతో ముగించమని కార్యదర్శి గారు రెండుసార్లు చెప్పారు. నా దగ్గర లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చి ఇవ్వను? వాళ్లు లేస్తారో లేదో తెలియదు, లేచాక ఎవడి వేలు ఆగుతుందో తెలియదు. బోరు మూసినా రేపు ఇంకొక పటంలో ఇంకొక పచ్చటి మచ్చ ఎవరికో కనబడుతుందని మాత్రం బాగా తెలుసు. గిచుహి గారూ, మీరు మా అతిథి, మీ మీద నాకు పగ లేదు. వెళ్లేముందు ఆ వంటపాకలోకి వెళ్లి ఆమె పక్కన ఒక్క చాయ్ తాగండి. ఏమీ వాగ్దానం చెయ్యకండి. తాగి వెళ్లండి.

వాంజా అమ్మా, మీరు వెళ్లి పడుకోండి. నిద్రపడితే శుక్రవారం మమ్మల్ని తలుచుకోకండి.

ఓపిగ్గా విన్న పెద్దలకూ, గంట కొట్టకుండా చెయ్యి వెనక్కి తీసుకున్న అధ్యక్షుల వారికీ, వండిన అక్కలకూ నా కృతజ్ఞతలు. ఒక్క మనిషికి వీడ్కోలు చెప్పడానికి మీరంతా వచ్చారు. మేం ఇద్దరం ఆ తొట్టి దగ్గరికి వెళ్తున్నాం, క్రోప్ తల్లీ నేనూ. ఆమెకి సభలో మాట్లాడటం అలవాటు లేదు. అందుకని ఆమె తరఫున కూడా నేనే మీ అందరి దగ్గరా తీసుకుంటున్నాను, సెలవు.