మూడో కళ్ళజోడు

కళ్ళజోళ్ళ కొట్టు. బల్ల వెనక భర్త, ఎదురుగా కుర్చీలో భార్య.

"మళ్ళీ మసకేనా?"

"మసకని నేనన్నానా? కాస్త... పొగమంచులా ఉందన్నాను."

"రెంటికీ తేడా ఏంటే? ఇప్పటికి రెండు జతలు మార్చాను. ఊరందరికీ ఒక్కసారికే సరిపోతాయి, నీకొక్కదానికే..."

"మీ అద్దాల తప్పు కాదండీ. అంతా ఆ కీమో మందు. ఒళ్ళంతా గుల్ల చేసింది, కళ్ళనొదులుతుందా?"

"అయితే డాక్టరుకి చెప్పు."

"చెప్పను."

"వేళ్ళు మొద్దుబారాయనీ చెప్పలేదు. పొద్దున చేతిలో గ్లాసు జారిందనీ చెప్పవు."

"చెప్తే మందు తగ్గిస్తారు. లేదంటే ఆపేస్తారు. ఆస్పత్రిలో పక్క మంచం ఆవిడకి ఆపేశారుగా! గడ్డ ఇప్పుడిప్పుడే కరుగుతోంది. ఇప్పుడాపితే?"

"కళ్ళు పోతే?"

"బతికుంటే బలుసాకు తినొచ్చు. మనిషంటూ ఉంటేగా కళ్ళు!"

"మొండిఘటానివే! చెప్పీ చెప్పీ నా గొంతు..."

"అరవకండి. మీరరిస్తే నాకు కనిపిస్తుందా?"

"సరే. ఈసారి పవరు ఇంకో పావు పెంచాను. దీంతోనూ కనపడకపోతే నేనే వచ్చి డాక్టరుకి చెప్తా. ఒట్టు."

"ఇటివ్వండి మరి."

"ఆగు, ఇంకా..."

"ఎప్పుడూ ఆగు, ఆగు. బల్ల మీదే ఉందిగా, నేనే తీసుకుంటా."

"అది కాదే... ఏంటి, ఏం తుడుస్తున్నావు?"

"అద్దాల నిండా మీ వేలిముద్రలే. ఆఁ, పెట్టుకున్నా. అబ్బ!"

"ఏమైంది?"

"ఎంత తేటగా ఉందో! అదిగో, గోడ మీద బోర్డు. చదవనా? గ, ప, మ... కింద వరస ర, వ, న, ల. చాలా?"

"ఆ బోర్డు నీకు కంఠతా వచ్చు. ఇన్నేళ్ళూ తుడిచింది నువ్వేగా."

"మీకన్నీ అనుమానాలే! నిజంగానే కనిపిస్తోందండీ. మీ మొహం కూడా, చక్కగా. ఇక డాక్టరుతో పనేముంది? ఏవండీ, వింటున్నారా?"

"వింటున్నానే."

"ముక్కు ఎగబీలుస్తున్నారు. జలుబా?"

"జలుబే. చెప్పులేసుకో, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"బాగా కనిపిస్తోందని మొత్తుకుంటుంటే మళ్ళీ డాక్టరెందుకూ?"

"అద్దాలింకా నా చేతిలోనే ఉన్నాయే. నువ్వు పెట్టుకుంది ఉత్త ఫ్రేము."