ఒక పొడవు, రెండు అంకెలు

ఏ వస్తువు పొడవునైనా డ్రాయింగులో ఒక్కసారే చెప్పవలెననీ, రెండవసారి చెప్పిన క్షణాన లోకంలో అరాచకం మొదలవుతుందనీ యంత్రచిత్రకారుల శాసనం. దానిని ఉల్లంఘించిన ఇంజనీరమ్మ ఒకతె అలెగ్జాండ్రియాలోని ఒక లేత్ వర్క్‌షాపులోకి పరుగున వచ్చింది. అందరూ ఉస్తా అని పిలిచే ముసలి మేస్త్రి టీ తాగుతున్నాడు.

"ఉస్తా, బేకరీలో పిండి కలిపే మిషను షాఫ్టు కోసేశారా?"

"పొద్దున్నే కోసేశానమ్మా. కూర్చో, టీ తాగు."

"నా కొంప మునిగింది! షాఫ్టు మీద లావు మారే మూడు మెట్ల పొడవులూ విడివిడిగా ఇచ్చి, మళ్లీ మొత్తం పొడవు కూడా వేశాను. మెట్లు కూడితే మూడొందల మిల్లీమీటర్లు, మొత్తం దగ్గర మూడొందల పది!"

"ఏది నిజం?"

"మూడొందల పది. పొట్టిగా కోసుంటే ఆ ఉక్కు పోయినట్టే, ఊళ్లో అలాంటిది ఇంకోటి లేదు. రేపే ఈద్. ఆ బేకరీ హాగ్గ తహియ్య పిండి ఎలా కలుపుతుంది? ఇంక నాకు ఉద్యోగం ఎవరిస్తారు?"

"షాఫ్టు బిగించడం కూడా అయిపోయింది. పిండి గిరగిరా తిరుగుతోంది. ఇవిగో, హాగ్గ పంపిన ఈద్ కహ్క్ బిస్కెట్లు."

"అల్‌హందులిల్లా!"

స్టూలు మీద కూలబడి, నాలుగు బిస్కెట్లు తిన్నాక గాని ఆమెకు శాస్త్రం గుర్తుకు రాలేదు.

"అంటే రెండంకెల్లో సరైనదేదో మీరే కనిపెట్టేశారన్నమాట. ఏం అనుభవం, ఉస్తా!"

"అంకెలు నేనెక్కడ చూశానమ్మా? విరిగిన పాత షాఫ్టు ముక్కలు రెండూ కలిపి పెట్టి, వాటికి కొలిచే కాలిపర్ కాళ్లు ఆనించి బిగించి, అలాగే తెచ్చి కొత్తదానికి ఆనించా."

"మరి మూడు రోజులు గీసిన నా డ్రాయింగు?"

"గోడకి అంటించాగా, ఎంత అందంగా ఉందో చూడు. శనివారం తప్పకుండా చదువుతా."

"శనివారమేంటి?"

"కళ్లజోడు రిపేరుకిచ్చా. ఆ రోజిస్తానన్నాడు."