గేటు మీది గుర్రం

"ఎవరేమన్నా సరే, రేపు ఆ గేటెక్కేది నేనే," అన్నాడు పెయింటర్ బాబాయ్, టీ గ్లాసు బెంచీ మీద ఠక్కున పెట్టి. వెనక్కి తిరక్కుండానే బొటనవేలితో భుజం మీదుగా గేటు చూపించాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటు అది. రోడ్డుకి ఇవతల, సరిగ్గా దానికెదురుగా అక్క టీ కొట్టు. గేటు పైన సిమెంటు పలక, దాని మీద రంగుల్లో మన దేశ చిహ్నం. మధ్యలో డాలు, డాలుకి ఇటు గుర్రం, అటు ఎలుగుబంటి, పైన కాలితో రాయి పట్టుకుని నిలబడ్డ కొంగ, చుట్టూ ఏడు నక్షత్రాలు, కింద పట్టీ మీద 'రెప్ప వాల్చం' అన్న మాట. నలభై ఏళ్లు ఎండలో ఉండి ఉండి ఎలుగుబంటి బూడిద రంగుకి తిరిగింది. రేపు పలక గీకేసి ఎల్లుండి ప్లాస్టిక్ బోర్డు పెడతారని ఆ మధ్యాహ్నమే ఆఫీసు ఇంజినీరు వచ్చి చెప్పాడు. అప్పట్నుంచి బాబాయ్‌ని పట్టడం ఎవరి వల్లా కావట్లేదు.

నేను గేటు పక్కనే కూర్చుని దస్తావేజులు టైపు చేసుకుంటాను. అప్పుడు మాత్రం కొట్టు బెంచీ మీద ఉన్నాను, టైలర్ నా పక్కన టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. మాతోపాటే కూర్చున్న ఇంజినీరు మంచివాడు. ఫైలు ఒళ్లో పెట్టుకుని, పెన్ను తీసి అడిగాడు.

"ఆ పలక ఉంచి, మీ చేత రంగు వేయించాలంటే పైవాళ్లకి ఒక్క కారణమైనా రాయాలి కదా బాబాయ్. చెప్పండి, రాస్తాను."

ఇక చూసుకోండి.

"ఒక్కటేం ఖర్మ, ఫైలు నిండా రాసుకో బాబూ. ఆ బొమ్మ వేసింది నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మీసం ఇంకా పూర్తిగా రాలేదు కానీ చెయ్యి మాత్రం తిరిగిపోయింది. బొంగులు కట్టించుకుని పొద్దున ఎక్కినవాణ్ణి, బొమ్మ అయ్యేదాకా దిగలేదంటే నమ్ము."

"గళ్లు గీసుకునే వేశావా బాబాయ్?" అన్నాడు టైలర్. చిన్న కాగితం మీద బొమ్మని గోడకి పెంచాలంటే బోర్డులు రాసేవాళ్లందరూ ముందు గళ్లు గీసుకుంటారు. కాగితం మీద గడిలో ఏముందో గోడ మీద గడిలో అదే వేసుకుంటూ పోతారు.

"గళ్లా! చేతకానివాళ్లు గీస్తారయ్యా గళ్లు. పైగా చూసి వేయడానికి అక్కడేముందని? పైనుంచి కాగితం వచ్చింది. విప్పి చూద్దును కదా, డాలు. ఒట్టి డాలు! గుర్రం లేదు, ఎలుగు లేదు, కొంగా లేదు. దోసిలి పట్టినట్టు ఖాళీ డాలు. అప్పటికి మన దేశం దగ్గర ఉన్నదంతే."

"మా తాతల నాటి నాణేల మీద కూడా గుర్రం ఉంది బాబాయ్," అన్నాడు ఇంజినీరు.

"ఆ నాణేలు తర్వాత కొట్టి, తారీఖులు వెనక్కి జరిపారు. నాకు తెలీదా? సరే, డాలు వేసేసి, పక్కన ఏం పెడదామా అని చూస్తున్నాను. కింద రోడ్డు మీద ఓ బండి ఆగింది. బండికి గుర్రం. అది తలెత్తి నన్ను చూసింది. నేను కుంచె పట్టుకుని దాన్ని చూశాను. అంతే, జూలు సర్దుకుని, ముందు కాలొకటి ఎత్తి, అలాగే నిలబడిపోయింది. బండివాడు లాగుతాడు, అదిలిస్తాడు, బతిమాలతాడు, అబ్బే! నన్ను వేస్తేగానీ కదలనంటుంది. మూడు రోజులు! చివరికి వాడు గుర్రాన్ని వదిలేసి, బండి తనే లాక్కుంటూ ఊళ్లోకి పోయాడు."

"గుర్రం వేగానికి గుర్తని మాకు బళ్లో చెప్పారే," అన్నాడు ఇంజినీరు.

"మూడు రోజులు అంగుళం కదలనిది వేగానికి గుర్తా? ఆ పుస్తకం రాసినాయన నన్నొక్క మాట అడిగాడా? అది పంతానికి గుర్తు బాబూ, పంతానికి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రం ఎంత బాగా కుదిరిందంటే, ఆ బరువుకి పలక ఓ పక్కకి ఒరిగిపోయింది. నేను కిందకి జారిపోతున్నాను. రెండో పక్క దానంత బరువు పెడితేగానీ నిలబడదు. ఈ సంగతి ఎలా తెలిసిందో ఏమో, ముప్పై మైళ్ల అవతల అడవిలోంచి ఎలుగుబంటి బయల్దేరి వచ్చేసింది."

"ఎలుగుబంటే!" అంది అక్క, పాలు వడగడుతూ.

"వచ్చి, తిన్నగా ఆఫీసులోకి పోయి వరసలో నిలబడిందమ్మాయ్. దాని వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తి చూస్తే కదా! 'ఇద్దరు సాక్షులు కావాలి' అన్నాడు. బయటికొచ్చి గుర్రాన్ని పిలుచుకుపోయింది. 'ఇంకొకరు?' అన్నాడు. నేను బొంగుల మీంచే అరిచి సాక్షి చెప్పాను. అప్పుడు ముద్ర వేశాడు. ఆ కాగితం చేత పట్టుకుని వచ్చి నిలబడింది ఎలుగు, గుర్రానికి ఎదురుగా. పలక ఠక్కున సమానమైంది. ఈనాటికీ వెంట్రుకవాసి ఒరగలేదు. కావాలంటే కొలుచుకో."

టైలర్ బిస్కెట్టు టీలో మునిగిపోయింది. వేలితో వెతుక్కుంటూ, "మరి కొంగో?" అన్నాడు.

"అక్కడికే వస్తున్నా. మధ్యాహ్నం అయ్యేసరికి పలక మీదకొచ్చి వాలేది. ఒంటికాలి మీద కునుకు తీసేది, తూలి నా పచ్చి రంగు మీద పడేది. ఎన్నిసార్లని దిద్దను? ఓ గులకరాయి తీసి దాని రెండో కాలికిచ్చాను. 'ఇది పట్టుకో. నిద్రపోతే పట్టు జారి రాయి పడుతుంది, నువ్వు లేస్తావు' అన్నాను. ఎంత తెలివి! ఒక్కటే మర్చిపోయాను. రాయి పడేది నా నెత్తినే. ఒకసారి కాదు, ఏడుసార్లు. పడ్డప్పుడల్లా కళ్ల ముందు ఓ నక్షత్రం మెరిసేది. కనపడ్డది కనపడ్డట్టు, ఆరేలోపు వేసేశాను."

"ఏడు నక్షత్రాలు ఏడు రాష్ట్రాలు కదా?" అన్నాను నేను. ఉండబట్టలేక.

"ఏడుసార్లు పడబట్టి ఏడు రాష్ట్రాలు చేశారు. ఎనిమిదోసారి పడుంటే నీకింకో రాష్ట్రం ఉండేది. కాస్తలో తప్పింది. ఏడో దెబ్బకి నాకు ఒళ్లు మండి, 'రెప్ప వాల్చకే!' అని అరిచాను. కొంగా, గుర్రం, ఎలుగూ మూడూ ఒక్కసారే, 'రెప్ప వాల్చం' అన్నాయి. వాటి నోటి మాట కదా అని కింద పట్టీ మీద రాశాను. నా సొంతం ఒక్క అక్షరం లేదు. లేనిపోని గొప్పలు నాకు గిట్టవు.

"ఇంతలో దేశానికి పెద్దాయన కారు దిగాడు. ఏదో ఇంటి దస్తావేజు పని మీద వచ్చాడు, అందరిలాగే. తలెత్తాడు. అంతే! వచ్చిన పని మర్చిపోయి, నా రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని, గంటసేపు కళ్లు తుడుచుకున్నాడు. 'ఇంతకాలం ఈ దేశానికి మొహం లేదయ్యా, నువ్విచ్చావు' అన్నాడు. ఆ సాయంత్రానికే మంత్రులందర్నీ ఈ రోడ్డు మీదకి పిలిచి, నేను వేసింది వేసినట్టు నాణేల మీదా, స్టాంపుల మీదా, పోలీసు టోపీల మీదా అచ్చేయమన్నాడు. ఇదిగో, ఈ బెంచీ ఉన్నచోటే కూర్చున్నారు మంత్రులు."

"అప్పటికి కొట్టే లేదు," అంది అక్క.

"అందుకేగా పాపం నిలబడి వెళ్లిపోయారు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగతా దేశాల వాళ్లకి తెలిసింది. ఈ రోడ్డు ఆ చివర్నుంచి ఈ చివరదాకా రాయబారులు. ఒకడు సింహం తెచ్చాడు, ఒకడు పులి. ఓ దేశం వాళ్లు గద్దని పట్టుకొచ్చారు. మహా పొగరుబోతు గద్ద. 'కదలకే, తల తిప్పకే' అని చెబుతూనే ఉన్నాను. నేను కుంచె ముంచుకునేలోపు తిప్పేసింది. మళ్లీ ఇటు వేశాను. ఏమైంది? రెండు తలలు పడ్డాయి! చెరిపేద్దామంటే ఆ రాయబారి నా చెయ్యి పట్టుకుని, 'ఉంచండి, మా వాళ్లు రెండు పక్కలా చూస్తారని చెప్పుకుంటాం' అన్నాడు. ఇప్పటికీ అలాగే చెప్పుకుంటున్నారు, మహానుభావులు."

టైలర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంజినీరు కూడా నవ్వాడు గానీ, పెన్ను మూత పెట్టేశాడు.

"బాబాయ్, నేను నిజంగానే రాద్దామని కూర్చున్నాను. ఇందులో ఏ మాట రాయను? సాక్షి సంతకానికి వచ్చిన గుర్రం సంగతా? అసలా బొమ్మ మీరే వేశారన్న మాట మీద కూడా ఇప్పుడు నాకు నమ్మకం పోయింది. ఏమీ అనుకోకండి. రేపు పొద్దున గీకేస్తారు." ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు.

బాబాయ్ ఆ ఫైలు అంచు పట్టుకున్నాడు. "బాబూ, అది నిజం. అదొక్కటి నిజం," అన్నాడు. "ఒక్క పూట ఎక్కనివ్వు. గీకేలోపు ఒక్క పూట."

నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. పదేళ్లుగా అతని నోట ఇలాంటివి వంద విన్నాను.

అప్పుడు అక్క స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చింది.

"గద్ద తల తిప్పితే రెండు తలలు పడ్డాయన్నావు. మరి గుర్రం కాలు కదిపిందా, బాబాయ్?"

"ఏ కాలు?" అన్నాడు టైలర్.

"పందొమ్మిదేళ్లుగా ఇక్కడ నిలబడి పాలు కాస్తున్నాను. పొంగు వచ్చేదాకా చూడ్డానికి నా ఎదురుగా ఆ బొమ్మ తప్ప ఏముంది? వెళ్లి లెక్కపెట్టండి."

ముగ్గురం రోడ్డు దాటి గేటు కింద నిలబడ్డాం. వెనక కాళ్లు రెండు. ముందు నేల మీద ఆనించినవి రెండు. గాల్లోకి ఎత్తింది ఇంకొకటి. మళ్లీ లెక్కపెట్టాం. నేను చేతిలో ఉన్న స్టాంపు కాగితం ఎత్తి పక్కన పెట్టి చూశాను. కాగితం మీది గుర్రానికి నాలుగే. రోజూ వందమంది ఈ గేటు కిందనుంచి పోతారు. కాగితాలు పట్టుకుని కంగారుగా పోయేవాళ్లు తలెందుకు ఎత్తుతారు?

తిరిగొచ్చేసరికి అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"బాబాయ్ ఈ కొట్టుకి ఎప్పుడొచ్చినా గేటుకి వీపు పెట్టే కూర్చుంటాడు," అంది ఇంజినీరుతో. "ఎండ మొహాన కొడుతున్నా సరే, ఇటు జరగమంటే జరగడు. వేరేవాడు వేసిన బొమ్మైతే అటు చూడ్డానికి ఇతనికేం భయం సార్? దీన్నిబట్టి వేసింది ఇతనేనని మీరు రాసుకోవచ్చు."

ఈసారి బాబాయ్ మాటలు పొట్టిగా వచ్చాయి.

"గళ్లు గీసుకునే వేశాను. గడి తప్పాను. ఎత్తాల్సిన కాలుని కింది గడిలో, నేల మీద ఆనించి వేశాను. మర్నాడు చూసుకుని, పై గడిలో ఎత్తిన కాలు వేశాను. కింది కాలు మీద బొమ్మ వెనకుండే నీలం పూసేస్తే సరిపోయేది. నీలం అయిపోయింది. తెచ్చుకుందామని దిగాను. వచ్చేసరికి బొంగులు విప్పేస్తున్నారు, పొద్దున్నే ఆఫీసు ప్రారంభం అని. నా మొదటి పని అది. తప్పు పోయిందని చెబితే మళ్లీ పనిస్తారా? ఊరుకున్నాను." ఖాళీ గ్లాసు పక్కకి జరిపాడు. "నలభై ఏళ్లు బాబూ. ఎవరైనా చూస్తారేమోనని ఓ పక్క, ఎవరూ చూడలేదేమని ఓ పక్క. నాకు సిగ్గుగా ఉంది. గీకేస్తే గీకేయండి. కానీ నాలుగు కాళ్లతో పోవాలి."

ఇంజినీరు మళ్లీ కూర్చున్నాడు. పెన్ను తీయలేదు. జేబులోంచి ఫోను తీసి, ఏదో వెతికి, బొమ్మ పెద్దది చేసి చూశాడు. అతని పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

"పోయిన ఏడాది చిహ్నానిది మంచి ఫోటో పంపమన్నారు హెడ్డాఫీసు వాళ్లు," అన్నాడు నెమ్మదిగా. "ఈ గేటుది నేనే తీసి పంపాను. అన్నిట్లో మాదే బాగుందని, అది చూసే ప్లాస్టిక్ బోర్డులన్నీ చేయించారు."

ఫోను మా వైపు తిప్పాడు. తళతళలాడే కొత్త బోర్డు. ఎలుగుబంటి నల్లగా నిగనిగలాడుతోంది. గుర్రానికి ఐదు కాళ్లు.

"ఎన్ని చేయించారు?" అన్నాను.

"నూట పన్నెండు ఆఫీసులకి. సగం బిగించేశారు కూడా."

టైలర్ ఎగిరి గంతేశాడు. "బాబాయ్! నువ్వన్నంత పనీ చేశావు కదయ్యా! దేశం మొత్తానికి గుర్రం నీదే!"

బాబాయ్ గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతాను. ఈ మాట ఎక్కడా అనకు."

ఇంజినీరు ఫైలు తెరిచి, నాలుగు ముక్కలు రాసి, సంతకం చేసి, కాగితం బాబాయ్ చేతికిచ్చాడు. "రేపు పొద్దున నిచ్చెన నేను పంపిస్తాను. గీకేవాళ్లని ఆపుతాను. కొత్త బోర్డుల సంగతి పైవాళ్లకి ఎలా చెప్పాలో నాకింకా తెలీదు."

బాబాయ్ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకునేసరికి వెన్ను మళ్లీ నిటారైంది. "నువ్వేం చెప్పక్కర్లేదు. నీలం రంగూ, సన్న కుంచె ఒకటీ చాలు. ముందు దీన్ని దిద్దుతాను. ఆ తర్వాత ఆ నూట పన్నెండూ నేనే తిరుగుతాను. రోజుకి మూడు ఆఫీసులు, కాదు, నాలుగు! కళ్లకి గంతలు కట్టినా..."

"బాబాయ్," అంది అక్క, కొత్తగా పోసిన టీ గ్లాసు బెంచీ రెండో వైపు పెట్టి. "ముందు ఇటు తిరిగి కూర్చో."

అతను మా నలుగురినీ చూశాడు. తర్వాత లేచి, బెంచీ చుట్టూ తిరిగి వచ్చి, గేటుకి ఎదురుగా కూర్చుని, తలెత్తాడు.