అయిదు కిలోల ఇన్వర్టరు

హలో… ఆ, నేనే. అక్కనే, యొకాస్తాని. … అమ్మా? బతికే ఉంది. నీ పుణ్యాన మాత్రం కాదు, రాదమేస్.

ఇంట్లో లేం. చిచీ కొట్లో ఉన్నాం. … ఆ, వీధి చివర బీరు కొట్టే! కుర్చీతో సహా ఎత్తుకొచ్చాం. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో బీరు పెట్టెల మధ్య కూర్చుంది మీ అమ్మ.

ఎందుకేమిట్రా? పొద్దున్నే కరెంటు పోయింది. నీ ఇన్వర్టరు గంటన్నరకే కీచుమని నోరు మూసుకుంది. ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. పెదాలు నీలంగా అయిపోయాయి, తెలుసా?

కొత్తదేనా? ఛీ! కొత్తది పెట్టె ఒక్కటే. బ్యాటరీలో? అవే పాతవి కదూ.

"మూడు కిలోలది తీసేసి అయిదు కిలోలది పెట్టా" అని వీధంతా చాటావే! కిలో అంటే కిలోవాట్‌రా. సెకనుకి ఎంత ఇవ్వగలదో అదీ వాట్. ఎంతసేపు ఇస్తుందో కాదు. దాచుకున్న శక్తికి లెక్క జౌల్స్‌లో. అది బ్యాటరీలో ఉండాలి.

పాఠం వద్దా? నా సైన్సు క్లాసులో చివరి బెంచీ మీద గుర్రు పెట్టావుగా, ఇప్పుడు విను. చెంబెడు నీళ్లకి చెయ్యంత లావు కుళాయి బిగించావు. … ఆ, చెంబే!

బరువుగా ఉంది, మంచి సరుకని అమ్మినవాడన్నాడా? థూ. బరువుని న్యూటన్లలో కొలుస్తారు నాయనా. మోసినవాడి నడుముకి తప్ప ఎవరికీ పట్టదది.

చిచీ బీరు ఫ్రిజ్‌లన్నీ ఆపేశాడు. తన బ్యాటరీలన్నీ అమ్మ మిషనుకే. డొమినో ఆడేవాళ్లు వేడి బీరు తాగుతున్నారు, ఒక్కడు గొణిగితే ఒట్టు. పరాయివాళ్లురా వాళ్లు!

తెలీక చేశావా? తెలీకపోవడం కాదు నాకు అసహ్యం. బ్యాటరీలు మార్చావా అని అడిగాను. "మార్చాలే అక్కా" అన్నావు. … అన్నావు! పెట్టె వరండా గోడ మీద మెరుస్తుంది, వచ్చినవాళ్లు చూస్తారు. బ్యాటరీలు మెట్ల కింద పడుంటాయి, ఎవడు చూస్తాడు? అంతేగా?

ఏడవకు. రాజధాని సాంటో డొమింగోలో జనరేటరున్న ఆఫీసులో కూర్చుని ఏడవకు. బ్యాటరీలు తీసుకుని బయల్దేరు. ఇవాళే.

ఆ కేకలా? కరెంటొచ్చింది. వీధంతా అరుస్తోంది. … హమ్మయ్యా? నీకెందుకురా హమ్మయ్య! సాయంత్రానికి మళ్లీ పోతుంది.

అమ్మతోనా? ఉండు. … అమ్మా, నీ కొడుకు. మాట్లాడతాడట. … ఏంటి? … సరే.

ఒరేయ్, వింటున్నావా? నీ మీద ఖర్చు పెట్టేంత ఊపిరి తన దగ్గర లేదట. పెట్టేస్తున్నా.