కొరత కాలంలో నిల్వలమ్మగారు

1992 జూలై ఆరో తేదీ, సోమవారం ఉదయం, భూగర్భశాస్త్ర పట్టభద్రురాలైన ఒక యువతి మా ఖనిజ విధాన విభాగంలో పరిశోధన సహాయకురాలిగా చేరారు. కిటికీ లేని గది, ఒక కాలు పొట్టిదైన బల్ల ఆమెకు దక్కాయి. ఇనుము, బొగ్గు తప్ప మరో ఖనిజం ఊసెత్తితే పెద్దలు ఆవులించే ఆ రోజుల్లోనే కోబాల్ట్, గ్రాఫైట్ వంటి కీలక ఖనిజాల రాకపోకలను ఆమె శ్రద్ధగా అధ్యయనం చేశారు. ఏ సమావేశంలోనైనా చివరికి "అది సరేనండీ, మన దగ్గర నిల్వ ఎంతుంది?" అని అడిగేవారు. అలా 'నిల్వలమ్మ' అన్న పేరు స్థిరపడింది. ఆమె నొచ్చుకోలేదు సరికదా, ఫోనులో తానే ఆ పేరు చెప్పుకునేవారు.

క్రమంగా సరఫరా భద్రతా శాఖకు అధిపతి అయ్యాక, దిగుమతులు ఆగిపోతే ఉన్న సరుకు ఎవరికి ముందు అందాలో నిర్ణయించే ప్రాధాన్యక్రమాన్ని రూపొందించారు. ఆసుపత్రులు మొదట, వాహన కర్మాగారాలు చివర. అది ఎన్నడూ అక్కరకు రాదన్న ధీమాతో మేమందరం సంతకాలు చేశాం.

వచ్చింది. మోటార్లకు ప్రాణమైన అయస్కాంతాల ఎగుమతిని ఒక దేశం హఠాత్తుగా నిలిపివేసింది. పంపకాల సమావేశంలో ఆమె లేచి, "స్కూటర్ల మోటార్లు చేసే కంపెనీలో మావారు ఇంజినీరు. నేను బయట కూర్చుంటాను, మీరు తేల్చండి" అన్నారు. ఆమె రాసిన క్రమం ప్రకారమే ఆ కంపెనీకి ఏమీ దక్కలేదు. కర్మాగారం మూతపడింది.

ఆ సాయంత్రం భర్త అడిగారట, "ఆ క్రమం రాసిన మహానుభావులెవరు?"

"నేనే."

"నా కంపెనీ ఉందని తెలిసే రాశావా?"

"తెలిసే రాశాను."

వారం రోజులు ఆ ఇంట మాటలు కూతురి ద్వారానే నడిచాయి. "నాన్నకి కూరలో ఉప్పు చాల్లేదట. ఈ రాయబారాలకి నాకు జీతమేమన్నా ఇస్తారా?" అని ఆ అమ్మాయి విసుక్కుంది.

నియమంలో దోషం లేదని ఆమెకు తెలుసు. పని పోయినవారి ఇళ్ళు తలపుకొస్తే మాత్రం అన్నం సహించేది కాదు. చివరికి తానే భర్తను కదిలించారు.

"పాడైన మోటార్లు ఏం చేస్తారు?"

"పాత ఇనుముకి అమ్మేస్తాం."

"అయస్కాంతాలతో సహానా? రేపు నన్ను తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తాను. అక్కడ నీకు పెద్ద మంచి పేరేమీ లేదు మరి."

పాత మోటార్లు పడేసిన కర్మాగారం షెడ్డు ముంగిట ఒక కార్మికుడు సూటిగా అడిగాడు, "మా పొట్ట కొట్టింది మీరేనా అమ్మా?"

"నేనేనండి. అందుకే వచ్చాను."

పాత మోటార్ల నుంచి ఊడదీసే తొలి ప్రయత్నంలో అయస్కాంతాలు పెంకుల్లా పగిలిపోయాయి. ముందుగా వేడిచేసి బలం తగ్గించాక గాని అవి చేజిక్కలేదు. వాటికి మళ్ళీ అయస్కాంత శక్తి ఎక్కించి కొత్త మోటార్లలో బిగించారు. దంపతులిద్దరూ ఆ షెడ్డులో మసి కొట్టుకుని తిరగడం మాలో చాలామందిమి చూశాం. ఏడాది తిరిగేసరికి కార్మికుల్లో సగం మందికి తిరిగి పని దొరికింది. నేడు అమలులో ఉన్న ఖనిజ పునర్వినియోగ విధానానికి అదే అంకురం. ఎవరు ప్రశంసించినా, "తక్కిన సగం మందికి నేనేమీ చేయలేకపోయాను" అని ఆమె కలిపి చెప్పేవారు. ఆ వాక్యాన్ని విధాన పత్రం పీఠికలోనూ ఉంచాలని పట్టుబట్టారు, ఉంచారు.

రేపటి లేమిని ఊహించి నేడే మేల్కొనడం వృత్తిగా జీవించి, ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న ఈ విదుషీమణికి ఇకపై ఏ లేమినీ ఊహించనక్కరలేని ఉదయాలు లభించాలని, ఆయురారోగ్యాలు పుష్కలంగా సమకూరాలని, ఆ దంపతులు చిరకాలం ఎదురెదురుగా కూర్చుని నేరుగానే మాట్లాడుకోవాలని విభాగమంతా మనసారా కోరుకుంటోంది.