రెండువైపులా కాల్చిన టోస్టు

పెళ్లయిన ఏడాదికి, ఒక ఉదయం, ఆమె ముందున్న పళ్లెం ముట్టకుండా కూర్చుంది. అతడు పొయ్యి దగ్గర, ఇంకా వేడి తగ్గని పెనం పక్కన నిలబడి ఉన్నాడు.

“చల్లారిపోతోంది, తినవేం?”

“ఏమండీ, టోస్టు ఒకవైపే ఎందుకు కాలుస్తారు?”

“రెండో వైపు మెత్తగా ఉంటే వెన్న బాగా పడుతుంది. దానిమీద చక్కెర. నీకిష్టమనేగా!”

“ఇష్టమని నేనెప్పుడు చెప్పాను?”

“చెప్పలేదూ?”

“నిన్న మీ చెల్లెలు ఈ పళ్లెం చూసి కళ్లు తుడుచుకుంది. పోయిన వదినకి అన్నయ్య అచ్చం ఇలాగే చేసిపెట్టేవాడు అంది.”

“అయ్యో... నా చెయ్యి దాని దారిన అది చేసుకుపోయింది. నిజంగా నాకు తట్టనే లేదు.”

“తెలుసు లెండి. దెప్పడం లేదు.”

“ఏడాదిగా నోరు మెదపకుండా తిన్నావా? మొహమాటానికైనా ఒక హద్దుండాలి!”

“చక్కెర చల్లేటప్పుడు మీరు కూనిరాగం తీస్తారు. రోజు మొత్తంలో అప్పుడొక్కసారే. వద్దంటే అదెక్కడ ఆగిపోతుందోనని తిన్నాను.”

“ఇంక నన్ను తలెత్తుకోనివ్వవా? నీకెలా ఇష్టమో చెప్పు.”

“రెండువైపులా కరకరలాడాలి. మీద ఉప్పూ మిరియాలూ. చక్కెర పలుకు కూడా పడకూడదు.”

అతడు కొత్త ముక్కను పెనం మీద వేశాడు, కాలనిచ్చి తిరగేశాడు.

“పాట ఏదండీ?”

“ఏ మొహం పెట్టుకుని పాడను? పైగా రెండో వైపు కాల్చడం నాకలవాటు లేదు. మాడిపోతుందేమో.”

“మాడితే మాడనివ్వండి. మాడినా అది నాది. మీరు పాడండి.”